ఈసీజీ నార్మలే… మరి నొప్పి?

ఈసీజీ నార్మల్‌గా వచ్చిందంటే గుండెకు ఏమీ లేనట్టేనా? పామర్రు నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్లే దారిలో ఏ మందుల షాపు ముందు నిలబడి అడిగినా ‘అంతేగా మరి’ అంటారు. ఆ నమ్మకంతోనే ఛాతీ పట్టేసినట్టున్న నొప్పిని గ్యాస్ కింద జమకట్టి, సోడా తాగి పడుకున్నవాళ్లు మన ఊళ్లల్లో తక్కువేం కాదు. దీనికి సరిగ్గా ఎదురు భయం ఇంకొకటుంది. ఎకో రిపోర్టులో ‘ఈఎఫ్ 60 శాతం’ అని చూసి, మిగతా 40 శాతం గుండె పోయిందని కంటిమీద కునుకు లేకుండా గడిపేవాళ్లు. ఒకరిది ధీమా, మరొకరిది దిగులు. మూలం మాత్రం ఒక్కటే. గుండెకు చేసే ఏ పరీక్షయినా తనకు వేసిన ప్రశ్నకే జవాబు చెబుతుంది, పక్క ప్రశ్న జోలికి పోదు. ఏ పరీక్షకు ఏ ప్రశ్న వేశారో తెలియకపోతే రిపోర్టు చేతిలో ఉండీ లాభం లేదు. ఆ ప్రశ్నలు మొదట ఎవరికి తట్టాయో, ఎలా తట్టాయో చూస్తే సంగతి సులువుగా బోధపడుతుంది.

మన వైద్యులు మణికట్టు పట్టుకుని నాడి చూసిన కాలం చాలా పొడుగు. ఫ్రాన్సులో లేనెక్ అనే వైద్యుడు 1816లో ఒక యువతి ఛాతీకి నేరుగా చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. అప్పటిదాకా వేళ్లకూ చెవికీ అందినంతే గుండె గురించి తెలిసేది.

గుండె కొట్టుకునే ప్రతిసారీ అందులో సన్నని విద్యుత్తు పుడుతుంది. అది ఒళ్లంతా పాకి చర్మం దాకా వస్తుంది. ఛాతీ కోయకుండా దాన్ని బయటినుంచే పట్టుకోవచ్చని 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ చూపించాడు. ఆయనకు జిమ్మీ అనే బుల్‌డాగ్ ఉండేది. దాని కాళ్లు ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టించి, దాని గుండె విద్యుత్తును పెద్దమనుషుల సభలో చూపించేవాడు. కుక్కను హింసపెడుతున్నారంటూ 1909లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా లేచింది. తమాషా ఏమిటంటే, ఇది ఆసుపత్రుల్లో పెద్దగా పనికొస్తుందన్న ఆశ వాలర్‌కే లేదు.

ఆ ఆశ పెట్టుకున్నవాడు విల్లెం ఐంథోవెన్. జావా దీవిలో పుట్టి, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఆచార్యుడైన మనిషి. వాలర్ వాడిన పరికరం మందకొడిది, గీత స్పష్టంగా వచ్చేది కాదు. ఐంథోవెన్ దాన్ని పక్కన పెట్టి, వెండి పూత పూసిన సన్నటి క్వార్ట్జ్ దారాన్ని బలమైన అయస్కాంతం మధ్య వేలాడదీశాడు. అంత సన్నని దారం తీయడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి వింటే నవ్వొస్తుంది. కరిగిన క్వార్ట్జ్ ముద్దను బాణానికి అంటించి విల్లుతో వదిలేవాడు. బాణం దూసుకుపోతుంటే వెనకాల పోగు సాగేది. గుండె నుంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తుకే ఆ పోగు కదిలేది, ఆ కదలిక నీడను ఫొటో పలక మీద పట్టేవారు. 1903 నాటికి గీత చక్కగా కుదిరింది. గీతలోని ఎత్తుపల్లాలకు ఆయన పెట్టిన పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అనే అక్షరాలే ఈ రోజుకీ నడుస్తున్నాయి. యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టి కూర్చోవాలి.

అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోయడం కుదరలేదు, రోగుల్ని ప్రయోగశాలకు తేవడమూ కష్టమే. అందుకని ఐంథోవెన్ 1905లో ఆసుపత్రి నుంచి తన ప్రయోగశాల దాకా, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు, తీగ వేయించాడు. మనిషి ఆసుపత్రిలో ఉంటే గుండె గీత ప్రయోగశాలలో పడింది. దూరాన ఉన్న నిపుణుడికి ఈసీజీ పంపడం సెల్‌ఫోన్లతో వచ్చిన కొత్త ఊహ అనుకుంటాం గానీ, అది ఈసీజీతో పాటే పుట్టింది. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. 1930లలో ఛాతీ మీద పెట్టే లీడ్లూ, 1942లో గోల్డ్‌బర్గర్ చేర్చిన మరికొన్నీ కలిసి ఇప్పటి 12 లీడ్ల ఈసీజీ తయారైంది. చేతులకూ కాళ్లకూ నాలుగు క్లిప్పులు, ఛాతీ మీద ఆరు. గుండెను 12 వైపుల నుంచి చూస్తున్నారన్నమాట.

ఇంట్లో పాత ఈసీజీ ఉంటే ఒకసారి తీసి చూడండి. గులాబీ రంగు గళ్ల కాగితం. చిన్న గడి 1 మిల్లీమీటరు, అంటే సెకనులో 25వ వంతు. ఐదు చిన్న గళ్లు ఒక పెద్ద గడి. నిటారుగా లేచే మొన ‘ఆర్’. ఒక ఆర్ నుంచి పక్క ఆర్ దాకా పెద్ద గళ్లు లెక్కపెట్టి, 300ను ఆ అంకెతో భాగిస్తే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో వస్తుంది. నాలుగు గళ్లుంటే 75. మొనల మధ్య దూరం ఒక్కలా లేకపోతే ఈ లెక్క పనిచేయదు. లయ తప్పిందని కాగితమే చెబుతోందన్నమాట. మరొక సంగతి. చాలా యంత్రాలు వాడేది వేడికి నల్లబడే కాగితం, కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి. ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే, ఆ గీత కొత్తదా పాతదా అని తేల్చడానికి డాక్టరుకు మీ పాత ఈసీజీని మించిన ఆధారం దొరకదు.

ఇంతకీ ఈసీజీకి వేసే ప్రశ్న ఏమిటి? ఈ క్షణాన గుండెలో విద్యుత్తు ఏ దారిన, ఏ లయలో నడుస్తోంది? ఇప్పుడు కండరానికి దెబ్బ తగులుతోందా, ఎప్పుడో తగిలిన దెబ్బ తాలూకు మచ్చ ఉందా? అంతే. రక్తనాళం ఎంత పూడిందన్న ప్రశ్న దానికి ఎవరూ వేయలేదు. నాళం 70 శాతం మూసుకుపోయినా, మనిషి మంచం మీద ప్రశాంతంగా పడుకుంటే కండరానికి సరిపడా రక్తం అందుతుంటుంది, ఈసీజీ నున్నగా వస్తుంది. పైగా కాగితం మీద పడేది ఓ పది సెకన్ల ముచ్చట. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటే, అందులో పన్నెండో పదమూడో మాత్రమే మన చేతికొచ్చాయి.

ఆ మిగతా లక్ష సంగతేమిటని అడిగినవాడు అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్. డాక్టరు కాదు, భౌతిక శాస్త్రవేత్త. మొదట 38 కిలోల రేడియో పెట్టెను మనిషి వీపుకు కట్టి గుండె గీత పంపించాడు. 1961లో ఆయన ఈ పద్ధతిని వివరంగా ప్రచురించేనాటికి పెట్టె బాగా చిక్కింది. ఇప్పుడది చొక్కా జేబులో పడుతుంది. ‘అప్పుడప్పుడూ గుండె దడదడలాడి కళ్లు తిరుగుతాయండీ, డాక్టరు దగ్గరికెళితే మాత్రం ఏమీ ఉండదు’ అనేవారికి పనికొచ్చేది ఇదే.

పడుకున్నప్పుడు దొరకని ముడిని పరుగెత్తించి పట్టేది ట్రెడ్‌మిల్ పరీక్ష, అందరూ టీఎంటీ అనేది. ఆర్థర్ మాస్టర్ 1929లోనే రోగులను రెండు మెట్లు ఎక్కించి దించి పరీక్షించాడు. సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ దానికి ఒక కొలత తెచ్చి 1963లో ప్రకటించాడు. మూడేసి నిమిషాలకు ఒక దశ. మొదటి దశలో బెల్టు గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, కాస్త వాలుగా నడుస్తుంది. రెండో దశలో 4, మూడో దశలో ఐదున్నర, దశ దశకూ ఎత్తు పెరుగుతుంది. కూచిపూడిలో నాట్యం నేర్చుకున్నవాళ్లకు దీని మర్మం విడమరచి చెప్పక్కర్లేదు. మొదటి కాలంలో అడవు అందరిదీ బాగానే ఉంటుంది, మూడో కాలానికి వచ్చేసరికే ఎవరి ఊపిరి ఎంతో గురువుకు తెలుస్తుంది. గుండె వేగం పెరిగే కొద్దీ దానికి రక్తం ఎక్కువ కావాలి. నాళం ఇరుకైతే ఆ అదనపు రక్తం అందదు, గీత దిగజారుతుంది. మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి ఇంజక్షనుతో గుండె వేగం పెంచి చూసే పద్ధతులున్నాయి.

టీఎంటీ నెగటివ్ వచ్చిన మనిషికి నెల తిరక్కుండా గుండెపోటు వచ్చిందని విని, పరీక్షే దండగ అనేవాళ్లున్నారు. పరీక్ష అబద్ధం చెప్పలేదు. చాలా గుండెపోట్లు, నాళాన్ని పెద్దగా ఇరుకు చేయని చిన్న కొవ్వు ముద్ద పైపొర చిట్లి, దాని మీద నెత్తురు గడ్డకట్టడం వల్ల వస్తాయి. ముందురోజు దాకా ఆ ముద్ద రక్తానికి అడ్డమే కాదు. శ్రమకు రక్తం చాలుతోందా అని అడిగితే టీఎంటీ ‘చాలుతోంది’ అంది. రేపు ముద్ద చిట్లుతుందా అన్నది దాని ప్రశ్న కాదు.

ఎకో కథ ఓడల దగ్గర మొదలవుతుంది. ఓడల ఇనుములో కంటికి కనపడని పగుళ్లను అతిధ్వని తరంగాలతో కనిపెట్టే యంత్రం ఒకటి స్వీడన్‌లోని మాల్మో ఓడల కార్ఖానాలో ఉండేది. పక్కనే ఉన్న లుండ్ నగరంలో హృద్రోగ వైద్యుడు ఇంగె ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెల్ముత్ హెర్ట్జ్ కలిసి, దీనితో గుండెను చూడలేమా అనుకున్నారు. 1953 అక్టోబరులో మనిషి గుండె కదలికల ప్రతిధ్వనిని పట్టారు. అప్పట్లో తెర మీద కనిపించింది గీతలే. గుండె గదులు, తెరుచుకుని మూసుకునే కవాటాలు కళ్లకు కట్టినట్టు కనిపించడం తర్వాతి తరంలో, రక్తం ఎటు పారుతోందో రంగుల్లో కనిపించడం 1980లలో వచ్చాయి.

మన దేశానికి ఎకో చేసిన మేలు ఎంతో. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్లవాపులతో మొదలయ్యే రుమాటిక్ జ్వరం లోపల కవాటాలను పాడుచేసి పోతుంది. పెళ్లయి గర్భం దాల్చాక ఆయాసంతో బయటపడిన ఆడపిల్లలు ఎందరో. స్టెతస్కోపులో వినపడిన మర్మర ధ్వని వెనక కవాటం ఎంత బిగిసిందో, ఎంత కారుతోందో కొలిచి చెప్పేది ఎకోయే.

ఇక ఆ 60 శాతం సంగతి. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి. ఒక్క నొక్కుకు 70 మిల్లీలీటర్లు బయటికి నెట్టి 50 లోపల మిగుల్చుకుంటుంది. 120లో 70 అంటే 58 శాతం. ఈఎఫ్ అంటే ఇదే. సుమారుగా 55 నుంచి 70 మధ్య ఉంటే నిక్షేపంగా ఉన్నట్టు. ఇది పరీక్షలో వచ్చే మార్కు కాదు, ఎవరి గుండే మొత్తం రక్తాన్ని నెట్టేయదు. 40కి దిగితే గుండె నీరసించినట్టు, చికిత్స కావాలి. అయితే ఈఎఫ్ 60 ఉన్న మనిషికి నాళాల్లో అడ్డంకులు ఉండకూడదనేం లేదు. ఎకో అడిగింది కండరం బలం, కవాటాల తీరు. నాళాల సంగతి దానికి తెలియదు.

నాళాల లోపల చూడాలంటే లోపలికే పోవాలి. ఆ సాహసం చేసిన మనిషి వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ ఆసుపత్రిలో పాతికేళ్ల కుర్ర డాక్టరు. చేతి నరంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని ఆయన వాదన. పైఅధికారి ససేమిరా అన్నాడు. పరికరాల గది తాళాలున్న నర్సు గెర్డా డిట్జెన్‌ను మంచి చేసుకుంటే ఆమె ‘ప్రయోగం నామీదే చెయ్యి’ అంది. సరేనని ఆమెను బల్లకు కట్టేసి, మత్తు ఇచ్చింది మాత్రం తన చేతికే! మూత్రనాళానికి వాడే గొట్టాన్ని తన నరంలో 65 సెంటీమీటర్ల దాకా దూర్చుకుని, అలాగే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫిల్మ్ తీయించుకున్నాడు. గొట్టం కొస గుండె కర్ణికలో కనిపించింది. పెద్దలు మెచ్చుకోకపోగా ఇలాంటివి సర్కసుకు పనికొస్తాయని ఎద్దేవా చేశారు. ఆయన మూత్రకోశ వైద్యంలోకి మళ్లిపోయాడు. 1956లో నోబెల్ కబురు అందేనాటికి చేస్తున్నది ఆ వైద్యమే. ఆయన వేసిన బాటలో న్యూయార్క్‌లో పనిచేసిన కూర్నాన్, రిచర్డ్స్ బహుమతిలో భాగస్వాములు.

గొట్టం గుండెలోకి వెళ్లింది గానీ, గుండెకే రక్తమిచ్చే కరొనరీ నాళాల్లోకి రంగుద్రవం పంపితే మనిషి బతకడని 1958 దాకా అందరి నమ్మకం. ఆ ఏడాది అక్టోబరు 30న క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ ఒక యువకుడి కవాటాన్ని పరీక్షిస్తుండగా గొట్టం కొస జారి కుడి కరొనరీలోకి పోయింది. 30 మిల్లీలీటర్ల రంగు అందులోకి దిగింది. గుండె ఆగింది. దగ్గు, దగ్గు అని సోన్స్ కేకపెట్టాడు. రోగి దగ్గాడు, గుండె మళ్లీ అందుకుంది. మనిషికేమీ కాలేదు, నాళం మాత్రం తెరమీద చెట్టుకొమ్మలా పడింది. చేతులారా చేయడానికి భయపడిన పని చెయ్యి జారి జరిగింది, యాంజియోగ్రామ్ అలా పుట్టింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ అదే దారిన బుడగ పంపి ఇరుకైన నాళాన్ని విప్పాడు. తర్వాత ఆ విప్పిన చోట మళ్లీ ముడుచుకోకుండా లోహపు జాలీ, అంటే స్టెంటు, పెట్టడం వచ్చింది.

తెలుగునాట ఈ కథలో మరువరాని పేరు డాక్టర్ భూపతిరాజు సోమరాజు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, చండీగఢ్ పీజీఐలో హృద్రోగ శాస్త్రం అభ్యసించి, హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేశారు. అదే ఊళ్లో క్షిపణులు తయారుచేసిన అబ్దుల్ కలాంతో 1990లలో చేతులు కలిపారు. దిగుమతి స్టెంటు సామాన్యుడికి అందని రోజులవి. క్షిపణుల పనివాళ్లకు తెలిసిన లోహవిద్యను డాక్టర్ల అవసరానికి మళ్లించి, తక్కువ ధరకు ఇక్కడే చేసిన స్టెంటు ‘కలాం–రాజు స్టెంట్’గా పేరుపడింది. సోమరాజుకు 2001లో పద్మశ్రీ వచ్చింది. 2012లో వీరిద్దరి పేర్లతోనే పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక టాబ్లెట్ కంప్యూటర్ కూడా తెచ్చారు. స్టెంటుకు వచ్చినంత పేరు దానికి రాలేదు. నన్నడిగితే అసలు ముందుచూపు ఉన్నది ఆ రెండోదానిలోనే.

యాంజియోగ్రామ్‌కూ హద్దుంది. అది చూపేది నాళం లోపలి నీడ, ఎంత ఇరుకో మాత్రమే. ఆ ఇరుకు నిజంగా రక్తానికి అడ్డం పడుతోందా అన్నది వేరే ప్రశ్న. దానికి నాళంలో ఇరుకుకు ముందూ వెనకా పీడనం కొలిచే పద్ధతి 1990లలో స్థిరపడింది. నొప్పి నిలకడగా ఉన్న రోగుల్లో, మందులకు తోడు వెంటనే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన గుండెపోట్లూ మరణాలూ తగ్గలేదని 2020లో ప్రచురితమైన ‘ఇస్కీమియా’ అధ్యయనం తేల్చింది. ఎడమ ప్రధాన నాళం పూడినవారినీ, గుండెపోటుతో వచ్చినవారినీ ఆ లెక్కలో కలపలేదు. కాబట్టి ‘70 శాతం బ్లాకు’ అనగానే ఆ రాత్రే పొలం కాగితాలు తాకట్టుకు తీయనక్కర్లేదు. మందులతో చూద్దామా అని అడగడానికి వ్యవధి ఉంటుంది. గుండెపోటు జరుగుతున్నప్పుడు మాత్రం ఈ తర్కం చెల్లదు, అక్కడ ప్రతి నిమిషం లెక్కే.

ఇదంతా పట్నం జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు, చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంట్లోవాళ్లను అడిగి రాసుకున్నారు. ఏడాదిలో 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటురోగాల వాటా 12 శాతమే. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం రాసినవారిలో, ఎయిమ్స్‌లో గుండె వైద్యుడిగా పేరు తెచ్చుకుని ప్రజారోగ్యం వైపు మళ్లిన డాక్టర్ కె. శ్రీనాథ్‌రెడ్డి కూడా ఉన్నారు. కృష్ణా జిల్లాకు అవతలి లెక్క ఇది అని ఊరుకోవడానికి లేదు. డెల్టా ఒకటే, తిండీ పనీ ఒకటే. ఈ ఊళ్లకు కావలసింది ముందుగా బీపీ మిషను, షుగరు పరీక్ష, చుట్టా బీడీ మానిపించే మాట. వేలు పోసి చేయించే ప్యాకేజీ చెకప్పుల వంతు ఆ తర్వాతే.

కూచిపూడిలో సిలికానాంధ్ర సంస్థ విరాళాలతో సంజీవని ఆసుపత్రి కట్టింది. యాంజియోగ్రామ్ చేసే క్యాథ్‌ల్యాబుల కోసమైతే విజయవాడ వైపు గంట పైనే ప్రయాణం. ఆ గంటలో కండరం చచ్చిపోతూనే ఉంటుంది. దానికి విరుగుడుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 సెప్టెంబరు 29న, ప్రపంచ హృదయ దినం నాడు, ఒక పథకం మొదలుపెట్టింది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు. పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు దాన్ని తెర మీద చూసి, అవసరమంటే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇప్పిస్తారు. తర్వాత తీరిగ్గా కాక, ఒక రోజు లోపల యాంజియోగ్రామ్‌కు తరలించాలి. లైడెన్‌లో తీగ మీద నడిచిన ఆలోచన ఇన్నాళ్లకు ఏరియా ఆసుపత్రికి చేరింది. ఇన్ని పరీక్షల్లోకీ ముసలిదైన ఈసీజీయే ఆ మొదటి గంటలో అన్నిటికన్నా విలువైనది.

ఛాతీ బరువుగా పట్టేసి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే, లేదా షుగరున్న మనిషికి నొప్పి లేకుండానే ఉన్నట్టుండి ఆయాసం వస్తే, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రి గుమ్మం దాటిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం, మొహమాటపడకుండా అడగండి. మొదటిది నార్మల్ వచ్చి నొప్పి మాత్రం తగ్గకపోతే, అర్ధగంట లోపు మళ్లీ తీయించమనండి. గుండె కండరం దెబ్బతింటే నెత్తురులోకి కారే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను కొలిచే రక్తపరీక్ష ఉంది. నొప్పి మొదలైన కాసేపటికే చేస్తే అది కూడా దొరక్కపోవచ్చు, అందుకే కొన్ని గంటలాగి రెండోసారి చేస్తారు. ఆ రెండో రక్తం ఇచ్చి ఫలితం వచ్చేదాకా, నొప్పి తగ్గిందని చెప్పి రోగిని ఇంటికి తీసుకుపోకండి.